కోళ్లషెడ్డు గోడకు ఏడు కంతలు

నువ్వట్ల వీపు తిప్పి కూసుంటె నేను లేసిపోత అనుకుంటున్నవా ఓదెలు కాకా? పోను. మేడ్చల్ల బస్సెక్కి, కండ్లకోయ కాడ దిగి, గీ ఎండల గుండ్లపోచంపల్లి దాక నడిచొచ్చిన. చేతిల ముప్పై గుడ్ల అట్ట. ఒక్క గుడ్డు పలగలే. గా ఒక్క సంగతికన్న "శభాష్ మనోరమా" అనొచ్చు గద!

అనవు. సరే తియ్యి.

నెలన్నర సంది ఆఫీసుకు రావు. ఫోన్ జేస్తె చిన్నమ్మ ఎత్తి "మీ కాక బయటికి పోయిండు బిడ్డా" అంటది. ఎనకనుంచి నీ దగ్గు ఇనొస్తనే ఉంటది. గా దగ్గు నాకు తెల్వదా? రెండేండ్లు నీ పక్క కుర్చీల కూసున్నదాన్ని.

దుర్గాబాయి చిన్నమ్మా, చాయ్ పెడ్తవా? పెట్టు పెట్టు. శక్కర జర ఎక్కువ. నీ మొగడు నోరు తెరిచిందాక నేను లేవ, చెప్తున్న.

అగో, మల్ల గా సైకిల్ ట్యూబే! ఆదివారం పూట బేసినుల నీళ్లు పోసుకొని ట్యూబు ముంచుతున్నవ్, బుడగలకు ఎదురు సూస్తున్నవ్. నాతోని మాట్లాడకున్నా మంచిదే గని, నువ్వు చేసేది నా పనే కాకా. నేను కూడ ఆఫీసుల కూసోని గదే చేస్త. యాడ కారుతాందో ఎతుకుడు, మూసుడు.

మా అమ్మకు ఇయ్యాల్టి దాక నా కొలువేందో చెప్పొస్తలేదు. గౌడవెల్లిల ఎవరన్న అడిగితె "మా బిడ్డ కంపూటర్ల గాలి పని జేస్తది" అంటది. వాళ్లేమో "ఏసీల రిపేరా?" అంటరు. మొన్న పక్కింటామె వచ్చి వాళ్ల కూలర్ సప్పుడు జేస్తాంది, జర సూసి పొమ్మన్నది! ఏం చెప్పాలె చెప్పు? నేను కూడ పోయి సూసిన. పైప్ ఊడింది. పెట్టొచ్చిన.

నవ్వినవ్! నవ్వలేదా? భుజాలు కదిలినయి మరి.

నాకు గీ పని సమజ్ చేసింది నువ్వే. యాదుందా? మా నాయినతోని ఒక్క కంపెనీల పనిచేసిన దోస్తువని, డిప్లొమా చేసి ఇంట్ల ఖాళీగ కూసున్న నన్ను శంకరయ్య సారు కాడికి తోలుకపోయినవ్. సిమెంటు దుకాణం మీద రెండు రూములు, ఎనిమిది కంపూటర్లు. "మెష్ అంటె ఏంది కాకా?" అంటె, నువ్వు ఒక ఖాళీ అగ్గిపెట్టె తీసి నా ముందల పెట్టినవ్. "దీంట్ల ఉన్న గాలిని చిన్నచిన్న ముక్కలు చెయ్యాలె బిడ్డా. ఒక్కో ముక్కల గాలి ఎటు పోతాంది, ఎంత ఉడుకుతాంది, కంపూటర్ లెక్క తీస్తది. ముక్కలు సక్కగ లేకుంటె లెక్క గూడ సక్కగ రాదు" అన్నవ్. గంతే. రెండేండ్లల నాకు ఎవ్వడు అంతకన్న మంచిగ చెప్పలే.

గా ముక్కలు నింపేముందు ఇంకో పనుంటది గద, గదే నా పానం తీసేది. కంపూటర్ల గీసిన బొమ్మ నీళ్లు పోసినా కారనట్టుండాలె. జరంత సందున్నా సాఫ్ట్‌వేరు పరేషాన్ అయితది. లోపల నింపాల్సిన ముక్కలను బయట ఊరంత నింపుతది. అందుకే యాడ అంచులు కలవలేదో ఆడ పసుపు గీత సూపిస్తది. నేను దాన్ని అతికితె ఎర్ర గీత అయితది. పొద్దుగాల కూసుంటె పొద్దుమీకేదాక గదే. పసుపు కనపడితె ఎర్రగ చేసుడు.

అలవాటు అయిపోయింది కాకా. ఇంట్ల గూడ గంతే. గోడకు ఎలుక కంత కనపడితె మట్టి తీస్కొని ఉరుకుత. మా అమ్మ దూలానికి గుడ్డ ఉయ్యాల కడ్దామని పైకప్పుల చిన్న సందు పెట్టుకుంటె, నేను సిమెంటు మెత్తిన. ఎన్ని తిట్లు తిట్టింది!

ఆఁ... గిదంత ఎందుకు చెప్తున్ననంటె... ఉండు, చాయ్ రానీ.

ముందుగాల ఆఫీసు ముచ్చట ఇను. సారు నీ జాగల ఒకాయినె‌ను పెట్టిండు. కొలతలకని కీసర కాడ కోళ్లషెడ్డుకు పంపిండు. మనిషి మంచోడే, పొద్దున్నే బొట్టు పెట్టుకొని వస్తడు. గని టేపు పట్టుడు రాదు! నువ్వెట్ల చేస్తవు? ఈ కొసనుంచి ఆ కొసకు ఒకసారి, ఆ కొసనుంచి ఈ కొసకు ఇంకోసారి. రెండు లెక్కలల్ల వేలెడంత ఫరక్ వచ్చినా మూడోసారి. ఆయినె ఒక్కసారి గుంజి రాసుకొచ్చిండు. నేను కంపూటర్ల పెట్టిన. షెడ్డు తాగి నిలబడ్డట్టు వంకర నిలబడ్డది! నాలుగు గోడలల్ల ఒక గోడ మిగిలిన గోడలను ముట్టలే. అడుగున్నర సందు. అందరం నవ్వి నవ్వి కుర్చీలల్ల నుంచి పడ్డం. సారు మాత్రం నవ్వలే. కిటికీల నుంచి సిమెంటు బస్తాల దిక్కు సూసుకుంట "ఓదెలు ఉంటెనా..." అన్నడు.

నిజంగ అన్నడు. ఒట్టు.

అందుకే సారే నన్ను పంపిండు, "పోయి తోలుకరా" అని. రేపటి సంది వచ్చెయ్యి కాకా. ఇంకా పది షెడ్లున్నయి. శామీర్‌పేట దిక్కు ఆరు, కీసర దిక్కు నాలుగు. మనకు పని ఇచ్చే పంకల కంపెనోళ్లు మస్తు ఖుషీగున్నరు ఇప్పుడు.

ఏంది గట్ల సూస్తవ్? ఎందుకు ఖుషీ అనా?

కోళ్లషెడ్డు పర్వతాలు పెండ్లాం సుక్కమ్మ గోడకు పెట్టిన కంతలే కారణం. ఏడు కంతలు పెట్టి మల్ల మెష్ చేసిన. పది నిమిషాల పని. లెక్క మల్ల తిప్పితె అసలు షెడ్డుల థర్మామీటర్ ఎంత సూపెట్టిందో కంపూటర్ల గూడ అంతే వచ్చింది, అద్ద డిగ్రీ అటో ఇటో. వాళ్లు ఒక్కతీర్గ ఎగిరిండ్రు. ఇప్పుడు ఏ షెడ్డుకు పంకలు అమ్మినా గోడకు యాడ కంతలు పెట్టాలె, ఎన్ని పెట్టాలె అని మనల్నే అడుగుతున్నరు. నేను పోయి సుక్కమ్మకు చెప్పిన. గామె ఏమన్నదో తెల్సా? "మీ కంపూటర్‌కు నెల పట్టిందా బిడ్డా? నాకు గడ్డపారతోని అద్దగంట పట్టింది" అన్నది! గీ గుడ్లు గామె ఇచ్చినయే. నీకని. "గా టేపు పెద్దమనిషికి ఇయ్యి, నా షెడ్డుల రెండు దినాలు ముక్కు మూసుకోకుంట పనిచేసిండు" అన్నది.

హమ్మయ్య, చాయ్ వచ్చింది. తే చిన్నమ్మా. కాకకు గూడ పెట్టు, ఆడ స్టూలు మీద.

...

కాకా. సారు నన్ను పంపలే.

అబద్ధం చెప్పిన. "ఓదెలు ఉంటెనా" అన్నది నిజం. పంపింది అబద్ధం. సారు దృష్టిల నీకు సూపు మందగించింది. ఆఫీసుల అందరు గదే అంటరు. సిమెంటు దుకాణం సేటు గూడ అంటడు, "పాపం ఓదెలుకు కండ్లు ఆన్తలేవంట" అని. నలభై ఏండ్లు టేపు పట్టినోనివి. గా మాట ఇన్నప్పుడల్ల నాకు అన్నం లోపలికి పోతలేదు. నవ్వుకుంట తిరుగుతున్న గని, పోతలేదు.

జర ఇను. మధ్యల ఆపకు. ఆపవనుకో, నువ్వు మాట్లాడనే మాట్లాడవు గద!

గా దినం పర్వతాలు షెడ్డు కాడ... సారు కంపూటర్ లెక్క తీసిన రంగుల కాయిదాలు పట్టుకొచ్చిండు. బొమ్మల షెడ్డంత పచ్చగ, నీలంగ ఉంది, పడమటి మూల మాత్రం మిరపకాయ తీర్గ ఎర్రగ, అంటె ఆడ మస్తు ఉడుకన్నట్టు. పర్వతాలు సూసి "నా షెడ్డుకు నిప్పంటుకుందా సారూ?" అన్నడు. పంకల కంపెనీ ఇంజినీర్లు ఇద్దరు "గా మూలకు గాలి తిరుగుత లేదు, ఎక్స్‌ట్రా పంకలు రెండు పెట్టాలె" అన్నరు. సారు తలకాయ ఊపిండు. అందరం గా మూలకు పోయినం.

పోతె ఏముంది? ఆడ కోళ్లు సల్లగ రెక్కలు ముడుసుకొని కూసున్నయి! షెడ్డంతట్ల గదే సల్లటి జాగ. థర్మామీటర్ పెడితె నడిమిట్ల కన్న మూడు డిగ్రీలు తక్కువ. సుక్కమ్మ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతాంది. గోడ కింద సూపెట్టింది. ఏడు ఇటుకలు లేవు. పోయిన ఎండకాలం గా మూల కోళ్లు నోళ్లు తెరుసుకొని ఎగపోస్తుంటె, మొగన్ని అడగకుంట గామెనే గడ్డపారతోని పొడిచి తీసిందంట. చెరువు దిక్కు గాలి గాన్నుంచి వస్తాంది.

సారు వంగి గా కంతలు సూసిండు. లేచి నీ దిక్కు సూసిండు. "ఇవి డ్రాయింగుల పెట్టలేదా ఓదెలూ?" అన్నడు.

నువ్వు నా దిక్కు ఒక్కసారి సూసినవ్. టేపు సుట్టి జేబుల పెట్టుకున్నవ్.

నేనేం చేసిన? నా చెప్పుల దిక్కు సూసిన. ఎడమ చెప్పుకు కోడి ఈక అంటుకొని ఉండె. గా ఈకనే సూస్కుంట నిలబడ్డ. మందినంత ఎదిరిచ్చి మాట్లాడే మనోరమ, గా దినం ఈక సూసుకుంట నిలబడ్డది.

ఆఫీసుకొచ్చి సారు నీ ఫైలు తెరిచిండు. కంతలు లేవు. ఎట్లుంటయి కాకా? నేను దాని మీదనే సేవ్ కొట్టిన గద!

నువ్వు పెట్టినవ్. ఏడు గూడ పెట్టినవ్. నేను సూసిన. మెష్‌కు ముందు కంపూటర్ల గా మూల ఏడు చిన్నచిన్న పసుపు డబ్బాలు కనపడ్డయి. నిజం కంతలైతె "గాలొచ్చే తొవ్వ" అని పేరు పెట్టి ఇడ్సాలె. తప్పులైతె గోడల కలపాలె. లేసి నీ కుర్చీ దాక వస్తె నాలుగు అడుగులు. "కాకా, గివేంది?" అని అడిగితె ఒక్క మాట. అడగలే. నాలుగు గంటలకు నేను సాఫ్ట్‌వేరు తాళం ఇంకొకలకు ఇయ్యాలె. గా తాళం నీకు తెల్సు గద, కంపూటర్ ఎనక పెట్టేది, అగ్గిపెట్టంత ఉంటది, అది లేకుంటె సాఫ్ట్‌వేరు తెరుసుకోదు. ఆరుగురికి ఒక్క తాళం. అప్పుడు మూడు నలభై అయితాంది. "ముసలాయనకు గీతలు కలిసినట్టు లేవు" అనుకున్న.

గట్లనే అనుకున్న. ముసలాయన అనుకున్న. నీ గురించి.

పసుపు ఎర్రగ చేసిన. ఏడు నొక్కులు. సేవ్ కొట్టి తాళం పీకి ఇచ్చిన.

నీ కాయిదం గూడ నా ముందలనే ఉంది. రెండువేల నాలుగుల గూడ పెన్సిల్‌తోని కాయిదం మీద గీసి, దాన్ని మల్ల ఒక్క వేలుతోని కంపూటర్ల ఎక్కిచ్చేటోడు నువ్వు గాక ఎవరున్నరు? మేం నవ్వేటోళ్లం. గా కాయిదం మడత ఇప్పలే నేను. దాని మీద చాయ్ గిలాస పెట్టిన.

ఇంకోటి ఉంది. గిది చెప్పకుంటె నేనొచ్చింది దండుగ. షెడ్డు నుంచి తిరిగొచ్చినంక ఉరికి నా టేబుల్ మీద గా కాయిదం ఎతికిన. లేదు. ఊడ్సేటామె పారేసిందేమో అనుకున్న. అనుకొని ఏమైందో తెల్సా? పానం లేసొచ్చింది కాకా. కాయిదం పోయిందని సంబురపడ్డ. పదిహేను దినాలకు పర్మనెంట్ లిస్టుల నా పేరొచ్చింది. మా అమ్మ వాడకట్టంత పేడాలు పంచింది. నువ్వు అప్పటికే ఇంట్ల కూసున్నవ్.

కంతలు మూసింది నేను. నీ కండ్లకేం కాలే.

తిట్టు ఇగ.

ఏంది, లేస్తున్నవ్? యాడికి? కాకా, కోపమొస్తె ఈన్నే తిట్టు, లోపలికి పోకు... చిన్నమ్మా, ఏమంటడు, యాడికి పోయిండు? సందుగ పెట్టె తెరిచిన సప్పుడైతాంది. నా మొకం మీద పైసలు, బట్టలు ఏమన్న ఇసిరి కొడ్తడా ఏంది? నాకు భయమైతాంది చిన్నమ్మా, నువ్వు నవ్వకు.

వచ్చినవా. ఏంది గిది?

...

గా కాయిదం.

నీ కాడ ఉందా? నీ కాడనే ఉందా నెలన్నర సంది? మేమింకా షెడ్డు కాడినుంచి రాకముందే నువ్వు మోటర్ సైకిల్ మీద ముందొచ్చినవ్. టేపు, కాయిదం, గా రెండే తీస్కొని పోయినవన్నట్టు. మేం టేపు ఒక్కటే అనుకున్నం.

ఉండు, తెరవనీ.

పడమటి గోడ. ఏడు డబ్బాలు. ఒక్కోటి తొమ్మిది ఇంచులు, మూడు ఇంచులు. పక్కన ఎర్ర పెన్సిల్‌తోని... "మనోరమకు. గీ ఏడు కంతలు నిజమైనయి. మూయొద్దు బిడ్డా."

నా పేరు రాసినవ్.

దాని మీదనే నా చాయ్ గిలాస మరక. గుండ్రంగ. సరిగ్గ "మూయొద్దు" మీద.

అయితె నీకు తెల్సు. గా దినం షెడ్డుల నా దిక్కు సూసినప్పుడే తెల్సు. గీ కాయిదం సారు ముందల ఒక్కసారి పరిస్తె అయిపోతుండె గద! అప్పటికి నా లిస్టు ఇంకా రాలే. నన్ను ఇంటికి తోలుతరని... గందుకేనా? గందుకే మాట్లాడలేదా గిన్ని దినాలు? నా మీద అలిగినవనుకున్న. చిన్నమ్మతోని గూడ చెప్పలేదా? చెప్పినవా! చిన్నమ్మా, నీకు గూడ తెల్సా? తెల్సి నాకు చాయ్‌ల శక్కర ఎక్కువేసి ఇస్తున్నవా?

ఏం మనుషులు మీరు? మీ అసుంటోళ్లతోని నేనెట్ల ఏగాలె?

ఏడుస్తలే. ఎండకు కండ్ల నుంచి నీళ్లొస్తున్నయి. కూలర్ లేదా మీ ఇంట్ల? ఉంటె చెప్పు, పైప్ పెట్టిపోత.

ఆఁ? ఏమన్నవ్?

"చాయ్ సల్లారుతాంది, తాగు" అన్నవా? నెలన్నరకు నోరు తెరిచి నాతోని అన్న మొదటి మాట గిదా! తిట్లుంటయని ముప్పై గుడ్లు మోసుకొచ్చిన నేను.

తాగుత. ముందుగాల కాయిదం నాకియ్యి. రేపు తొమ్మిదిన్నరకు సారు టేబుల్ మీద నేనే పరుస్త. నువ్వు రా, రాకపో, నేను పరుసుడు ఆగదు. పర్మనెంట్ పోతె పోతది, పంచిన పేడాలు ఎవ్వరు వాపస్ అడగరు గద.

అరె, గుంజకు కాకా. ఇడ్సిపెట్టు. చినుగుతది. నెలన్నర నువ్వు మోసినవ్, చాలు. నా తప్పు నాకిచ్చెయ్యి.

ఆఁ. గట్ల.

ఇగో, నీ ట్యూబుల బుడగలొస్తున్నయి సూడు, వాల్వ్ కాడ. గది కంతే. నిజంగ కంతేనా? రెండుసార్లు సూసి చెప్పు, మూస్త.